మూడో తరగతి దాటేలోపల

పొందూరు పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేది సన్నఖద్దరు. శ్రీకాకుళం జిల్లాలో, హౌరా-చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరి నూలు నాణ్యాన్ని గాంధీగారు మెచ్చుకున్నారనీ, స్వయంగా చూసి రమ్మని తమ కుమారుడు దేవదాసును ఇక్కడికి పంపారనీ ఈ ప్రాంతంవారు నేటికీ సగర్వంగా చెప్పుకుంటారు. 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ విద్యను ఈనాటివరకూ నిలబెట్టుకుంటూ వచ్చింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకి, మెత్తని ఏకులు చుట్టి, ఒంటికదురు రాట్నం మీద నూరు కౌంటు నూలు తీసే పని అది. దేశదేశాలనుంచి వచ్చి ఈ పనిని ఫొటోలు తీసుకున్నవారు ఎందరో ఉన్నారు. వ్యాసాలు వ్రాసినవారూ ఉన్నారు.

నాకు మాత్రం ఆ ఫొటోలు చూసినప్పుడల్లా మరొక ప్రశ్న తోస్తుంది. ఆ నూలు వడికే మామ్మ మనవరాలు ఈ ఏడు మూడో తరగతిలో ఉన్నదనుకుందాం. ఆ పిల్ల రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేజీని తడుముకోకుండా చదవగలదా?

అడగడానికి ఇది చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కాని పేదపిల్లల చదువు గురించి మనం చేసే పెద్ద పెద్ద చర్చలన్నీ, మాధ్యమం ఏది ఉండాలి, సిలబస్ ఏది ఉండాలి, భవనాలకు రంగులేమి వేయాలి అన్నవన్నీ, ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండానే సాగుతున్నాయని నా అభిప్రాయం. ఈ టపా దానిని గురించే.

*

ముందుగా ఉన్న స్థితి చూద్దాం. 2005 నుంచి ప్రథమ్ సంస్థ 'అసర్' పేరిట గ్రామీణ భారతంలో ఇంటింటికీ వెళ్ళి పిల్లల చేత చదివించి చూస్తున్నది. పరీక్ష చాలా సరళమైనది. అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. అంతే. దేశం మొత్తం మీద ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి చదువుతున్నవారిలో ఆ చిన్న కథను చదవగలిగినవారు 2018లో నూటికి 20.9 మంది. కరోనా కాలంలో బడులు మూతపడిన తరువాత 2022లో అది 16.3కి పడిపోయింది. 2024లో 23.4కు చేరింది. పుంజుకున్నందుకు సంతోషించవలసిందే. కాని ఆ అంకెను తిరగవేసి చదివితే, నలుగురిలో ముగ్గురు మూడో తరగతి పిల్లలు రెండో తరగతి కథ చదవలేకపోతున్నారని అర్థం. ఐదో తరగతికి వచ్చేసరికి కూడా అదే కథను చదవగలిగినవారు నూటికి 45 మంది మాత్రమే.

చదవడం రాని పిల్ల మూడో తరగతి దాటితే ఏమవుతుంది? ఏమీ అవదు. అదే దుఃఖం. ఆ పిల్ల ఏడవదు, అల్లరి చేయదు, ఎదురు ప్రశ్న వేయదు. నల్లబల్ల మీద ఉన్నది నోటుపుస్తకంలోకి అందంగా ఎక్కిస్తుంది. అక్షరాన్ని బొమ్మలా గీయడం వస్తుంది కనుక పుస్తకం నిండుగానే కనబడుతుంది. నాలుగులో పరిసరాల విజ్ఞానం, ఆరులో సామాన్యశాస్త్రం, ఎనిమిదిలో సాంఘికం వస్తాయి. చదవడం రానిదే వీటిలో ఏదీ తలకెక్కదు. తొమ్మిదో తరగతిలో ఎప్పుడో 'వీళ్ళకు చదువు అబ్బలేదు' అన్న తీర్పు వస్తుంది. ఆ తీర్పును ఉపాధ్యాయుడూ నమ్ముతాడు, తల్లిదండ్రులూ నమ్ముతారు, చివరకు ఆ పిల్ల కూడా నమ్ముతుంది. ఆ తరువాత హైదరాబాదులోనో విశాఖలోనో కట్టుబడి పని, లేదా పెళ్ళి. ఈ జిల్లానుంచి వలసపోయే బళ్ళలో ఎక్కేవారిలో ఇటువంటి తీర్పు మోస్తున్నవారు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఉన్నవారి పిల్లలకు ఈ ప్రమాదం లేదు. బడిలో రాకపోతే ఇంట్లో అమ్మ చెబుతుంది, లేదా ట్యూషను మాష్టారు చెబుతాడు. పేదపిల్లకు బడి తప్ప మరో చోటు లేదు. కాబట్టి బడిలో జరగనిది ఆ పిల్ల జీవితంలో ఇక జరగదు.

*

ఎందుకు ఇలా అవుతున్నది? పేదరికం, ఆకలి, తల్లిదండ్రుల నిరక్షరాస్యత అని మనం చటుక్కున జవాబు చెబుతాం. అవి నిజమే. కాని అవి ఉన్నాయని తెలిసీ బడి ఏ విధంగా నడుస్తున్నదన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

మన బడిలో పాఠం వాచకం వెంట నడుస్తుంది, పిల్ల వెంట నడవదు. జూన్‌లో మొదటి పాఠం, జులైలో రెండోది, పరీక్షల నాటికి ఇన్ని పాఠాలు పూర్తికావాలి. మూడో తరగతి వాచకం, రెండో తరగతి వాచకం వచ్చినవారికోసం వ్రాయబడింది. అది రానివారు ఆ గదిలో ముప్పాతికమంది ఉన్నా వాచకం ఆగదు. ఉపాధ్యాయుడు ఆగితే 'సిలబస్ పూర్తి చేయలేదేం?' అని పైవారు అడుగుతారు. 'నీ తరగతిలో ఎందరికి చదవడం వచ్చింది?' అని అడిగేవారు అరుదు. మనిషి అడిగినదానికే జవాబుదారీ అవుతాడు.

పొందూరు పనివారికి ఇందులో ఉన్న తప్పు వెంటనే బోధపడుతుంది. పత్తిలో నలుసు మిగిలితే, ఏకు సమంగా లేకపోతే, రాట్నం దగ్గర ఎంత నేర్పు చూపినా పోగు తెగుతుంది. అప్పుడు ఎవరూ రాట్నాన్ని వేగంగా తిప్పరు. వెనక్కి వెళ్ళి ఏకు చూసుకుంటారు. మన బడి మాత్రం పోగు తెగిన ప్రతిసారీ రాట్నాన్ని ఇంకా వేగంగా తిప్పుతున్నది.

*

ఈ మాటను మొదట చెప్పినవాడు మన జిల్లావాడే కావడం యాదృచ్ఛికం కాదేమో. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. ఆ రోజునే మనం తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకుంటున్నాం. సభలు పెడతాం, శాలువాలు కప్పుతాం. ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా స్మరిస్తాం. కాని ఆ ఉద్యమానికి మూలం సాహిత్యంలో లేదు, తరగతి గదిలో ఉన్నది. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. పాఠశాలల పర్యవేక్షణాధికారి యేట్సు దొరకు కలిగిన సందేహం, పిల్లలు మాట్లాడే తెలుగుకూ వాచకంలోని తెలుగుకూ ఇంత దూరమెందుకన్నది, గిడుగువారినీ గురజాడవారినీ కదిలించింది. బడిపిల్లవాడు వ్యాసం ఏ తెలుగులో వ్రాయాలన్నదే నాటి పెద్ద తగాదాలలో ఒకటి.

అంతకన్నా ముందే ఆయన మరొక పని చేశారు. కొండల్లోని సవరల పిల్లలకు తెలుగులోనే చదువు చెప్పబోతే వారికి ఒక్క ముక్క అందదని గ్రహించి, తానే సవరభాష నేర్చుకున్నారు. వారి పాటలు, కథలు సేకరించారు, వాచకాలు తయారుచేశారు, తమ సొమ్ముతో బడి నడిపించారు. ఆయన సవరభాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. పిల్లవాడిని పుస్తకం దగ్గరకు ఈడ్చుకురావడానికి బదులు పుస్తకాన్ని పిల్లవాడి దగ్గరకు తీసుకువెళ్ళిన మనిషి ఆయన. సుమారు డెబ్భై ఏళ్ళ తరువాత, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు తొలి చదువు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గిడుగువారి పనినే తిరిగి అందుకున్నట్టయింది.

సవరపిల్లల సంగతి అలా ఉంచితే, తెలుగు మాతృభాషగా ఉన్న పొందూరు పిల్లకు కూడా వాచకంలోని తెలుగు కొంత పరాయిదే. వాచకంలో 'రాగులు' అని ఉంటుంది, పిల్లకు తెలిసినవి 'చోళ్ళు'. సొరకాయ బొమ్మ చూపితే 'ఆనపకాయ' అంటుంది. 'వచ్చేశాడు' అని వ్రాసి ఉన్నచోట ఆమె నోట 'ఒచ్చీసినాడు' అని వస్తుంది. 'ఏమిటి' బదులు 'ఏటి' అంటుంది. ఇవి తప్పులు కావు. ఆ పిల్ల తనకు తెలిసిన భాషలో అర్థం చేసుకుని చదివిందనడానికి సాక్ష్యాలు. ఆ క్షణంలో 'తప్పు, సరిగా చదువు' అని కసిరితే ఆ పిల్ల నేర్చుకునేది ఒక్కటే, బడిలో నోరు మెదపకూడదని. 'ఔను, మనం ఆనపకాయ అంటాం, పుస్తకంలో సొరకాయ అన్నారు, రెండూ ఒకటే' అన్న ఒక్క వాక్యం చాలు, ఆ పిల్లకు రెండు మాటలు వస్తాయి. ఇందుకు నిధులక్కరలేదు. ఉపాధ్యాయ శిక్షణలో ఒక పూట, పిల్ల మాటను గౌరవించే మనసు ఉంటే చాలు.

*

ఇక డబ్బు మాట. పేదపిల్లల చదువుకు ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టడం లేదని ఇప్పుడు అనలేం. 2003లో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2019 నవంబరులో మొదలైన 'నాడు-నేడు' కింద భవనాలు, మరుగుదొడ్లు, బల్లలు వచ్చాయి. 2020 జనవరిలో 'అమ్మ ఒడి' పేరిట తల్లుల ఖాతాల్లో డబ్బు పడింది. ప్రభుత్వం మారాక 2025లో అది 'తల్లికి వందనం' అయింది. వీటిలో దేనినీ నేను చులకన చేయను. ఆకలిగా ఉన్న పిల్ల చదవదు, మరుగుదొడ్డి లేని బడికి ఎదిగిన ఆడపిల్ల రాదు. ఇవి లేకుండా చదువు లేదు.

కాని ఇవి ఉన్నంత మాత్రాన చదువు వస్తుందా? ఈ ప్రశ్నకు ప్రపంచమంతా ఉదాహరించే జవాబు మన ఆంధ్రదేశపు పల్లెల్లోనే దొరికింది. 2005 ప్రాంతంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్ర ప్రభుత్వంతోనూ, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తోనూ కలిసి 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, లాటరీ పద్ధతిలో విభజించి, కొన్నింటికి ఒక రకమైన సాయం, మరికొన్నింటికి మరొక రకం ఇచ్చి, కొన్నింటిని ఉన్నవి ఉన్నట్టు వదిలి, పిల్లల చదువులో తేడా కొలిచారు.

కొన్ని బడులకు పిల్లల సామగ్రికోసం డబ్బు ఇచ్చారు. మొదటి ఏడు అనుకోకుండా వచ్చిన ఆ డబ్బు వల్ల పిల్లల మార్కులు కొంత పెరిగాయి. రెండో ఏడు వస్తుందని ముందే తెలిసిన డబ్బు వల్ల పెరుగుదల కనబడలేదు. బడిలో పుస్తకాలు, పెన్సిళ్ళు ఇస్తున్నారు కదా అని ఇళ్ళలో తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు. అది వారి తప్పు కాదు. పేద ఇంట్లో మిగిలిన ప్రతి రూపాయికీ ఎదురుచూసే అవసరం మరొకటి ఉంటుంది.

మరికొన్ని బడులకు అదనంగా ఒక ఒప్పంద ఉపాధ్యాయుణ్ణి ఇచ్చారు. ఇటువంటివారు సాధారణంగా ఆ చుట్టుపక్కల ఊళ్ళవారే. తక్కువ జీతం, తక్కువ శిక్షణ. అయినా రెండేళ్ళలో ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందుకు వెళ్ళారు. ఒప్పంద ఉపాధ్యాయులు బడికి రాని రోజులు నూటికి 18 ఉంటే, శాశ్వత ఉపాధ్యాయులవి 27.

పిల్లల చదువు మెరుగుపడితే ఉపాధ్యాయులకు బోనసు ఇస్తామన్న బడుల్లోనూ చదువు మెరుగుపడింది. అక్కడ గమనించవలసినది బోనసు కాదు. ఆ బడుల్లో ఉపాధ్యాయుల గైరుహాజరు తగ్గలేదు. వచ్చిన రోజున వారు చేసిన పని మారింది. అదనపు తరగతులు పెట్టారు, ఇంటిపని ఇచ్చారు, అభ్యాస పరీక్షలు జరిపారు. 'నీ పిల్లలకు వచ్చిందా?' అన్న ప్రశ్న మొదటిసారి ఎవరో అడిగారు కనుక వారి దృష్టి సిలబస్ మీదనుంచి పిల్లల మీదకు మళ్ళింది.

ప్రైవేటు బడికి పంపితే సరిపోతుంది కదా అనేవారున్నారు. పొందూరు వంటి చోట కూడా టైలు, బూట్లు, పసుపుపచ్చ బస్సులు చూసి, అప్పుచేసి పంపుతున్న కుటుంబాలున్నాయి. అదే పరిశోధకులు 2008 నుంచి నాలుగేళ్ళపాటు ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో లాటరీలో గెలిచిన పేదపిల్లలకు ప్రైవేటు బడి ఫీజు చెల్లించి చూశారు. నాలుగేళ్ళ తరువాత తెలుగులోనూ, లెక్కల్లోనూ ఆ పిల్లలకూ, లాటరీ తగలని పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ముందున్నారు, ఎందుకంటే ప్రైవేటు బడులు దానికి సమయం కేటాయించాయి. ప్రైవేటు బడులు ఆ చదువును ప్రభుత్వానికయ్యే ఖర్చులో మూడోవంతుకన్నా తక్కువకే చెప్పాయన్నది న్యాయంగా ఒప్పుకోవలసిన మాట. అయినా, బడి మారినంతమాత్రాన పేదపిల్లకు తెలుగు చదవడం రాదని మాత్రం తేలిపోయింది. అక్కడా వాచకం వెంటే పాఠం నడుస్తుంది.

*

మరి దేనివల్ల వస్తుంది? దీనికీ మనకు దగ్గరి అనుభవాలే ఉన్నాయి.

శాంతా సిన్హాగారి నాయకత్వంలో ఎం. వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనికి పోతున్న పిల్లలను బడికి తెచ్చింది. పదేళ్ళు, పన్నెండేళ్ళు వచ్చి, ఒక్క అక్షరం రాని పిల్లలను ఒకటో తరగతిలో కూర్చోబెట్టి అవమానించకుండా, వారధి శిబిరాల్లో ఉంచి, వారి వయసుకు తగిన తరగతికి సిద్ధంచేసింది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. పశువులు కాసిన పిల్ల కొద్ది నెలల శ్రద్ధతో చదవడం నేర్చుకోగలిగినప్పుడు, మూడేళ్ళుగా రోజూ బడికి వస్తున్న పిల్ల ఎందుకు నేర్చుకోలేదు? లోపం పిల్లలో లేదని చెప్పడానికి ఇంతకన్నా రుజువేమి కావాలి?

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీవారు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడుపుతూ మరొక మార్గం చూపారు. ఒకే గదిలో ఐదు తరగతులుండే ఏకోపాధ్యాయ పాఠశాలలో పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఏ పిల్ల ఎక్కడుందో అక్కడినుంచి తన మెట్టు తాను ఎక్కుతుంది. ఒక మెట్టు రానిదే పై మెట్టు లేదు. తమిళనాడు ఈ పద్ధతిని మొదట చెన్నై నగర పాఠశాలల్లో, తరువాత రాష్ట్రమంతటా అనుసరించింది. మన ఇంటి చెట్టు కాయను పొరుగువారు కోసుకు తిన్నారు.

ప్రథమ్ సంస్థ పద్ధతి ఇంకా సరళమైనది. తరగతితో నిమిత్తం లేకుండా, ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి, పిల్లలను గుంపులుగా చేయడం. అక్షరాలు రానివారొక గుంపు, పదాలు వచ్చినవారొకటి, వాక్యాలు వచ్చినవారొకటి. రోజూ కొంతసేపు ఆ స్థాయికి తగిన పని. ముంబయి, వడోదర నగరాల్లో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు స్థానిక యువతులచేత ఈ విధంగా చెప్పించినప్పుడు, అన్నిటికన్నా వెనుకబడిన పిల్లలే అందరికన్నా ఎక్కువ లాభం పొందారని, తరువాత 2019లో నోబెల్ పురస్కారం అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో బృందం 2007లో ప్రకటించింది. హర్యానాలో ప్రభుత్వ ఉపాధ్యాయులే రోజుకొక గంట ఇలా బోధించినా ఫలితం కనబడింది. అయితే ఆ గంటను విడిగా కేటాయించి, పర్యవేక్షకులు బడికి వచ్చి చూసినప్పుడే కనబడింది. శిక్షణ ఇచ్చి, పుస్తకాలు పంచి, 'వీలున్నప్పుడు చేయండి' అన్నచోట ఏమీ జరగలేదు. ఉపాధ్యాయుడికి చేతకాక కాదు, 'వీలు' అనేది సిలబస్ పూర్తయ్యాక కదా వస్తుంది. అది పూర్తికాదు.

2021 జులైలో కేంద్రప్రభుత్వం 'నిపుణ్ భారత్' పేరుతో, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్కలు చేయడం రావాలన్న లక్ష్యాన్ని పెట్టుకున్నది. గడువు 2026-27. కాగితం మీద ఇంతకన్నా మంచి లక్ష్యం లేదు. దానిని రోజుకొక గంటగా మార్చకపోతే అది మరొక రిజిస్టరుగా మిగులుతుంది.

*

రెండు ఆక్షేపణలకు సమాధానం చెప్పాలి.

మొదటిది, ఉపాధ్యాయుల మీద ఇంకెంత భారం వేస్తారన్నది. నిజమే. యాప్‌లలో హాజరు, భోజనం ఫొటోలు, మరుగుదొడ్డి ఫొటోలు, సర్వేలు, ఓటర్ల జాబితాలు. బడిపంతులును గుమాస్తాగా మార్చి, పాఠం చెప్పలేదని నిందించడం న్యాయం కాదు. అందుకే నేను కోరేది భారం పెంచమని కాదు. సిలబస్ ఒత్తిడిని ఆ ఒక్క గంటసేపు చట్టబద్ధంగా తీసివేయమంటున్నాను. ఆ గంటలో సాయపడడానికి ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఆ ఊరి యువతి ఒకరిని గౌరవప్రదమైన వేతనంతో నియమించమంటున్నాను. ఇంటరు, డిగ్రీ చదివి, ఊరు విడిచి వెళ్ళలేక ఇంట్లో ఉన్న ఆడపిల్లలు పొందూరు మండలంలో లేరా? పిల్ల 'చోళ్ళు' అంటే నవ్వని గురువు వారిలో దొరుకుతుంది.

రెండోది ఇంగ్లీషు. ప్రాథమిక తరగతులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ వివాదంలో రెండు పక్షాలవారూ తీవ్రంగా వాదించారు. పేదవారు ఇంగ్లీషు కోరడం తప్పని నేను అనను. తమ పిల్లలను ఇంగ్లీషులో చదివించుకుని, పేదవారికి మాతృభాషా మహిమ బోధించేవారి మాట చెల్లదు. కాని ఏ భాషలోనైనా చదవడం అనే విద్య ఒకసారే వస్తుంది, అది మాట్లాడే భాషలో త్వరగా వస్తుంది. 'అమ్మ' అన్న రెండక్షరాలను కలిపి చదవడం రాని పిల్ల 'మదర్' అన్నదాన్ని గుర్తుపెట్టుకుంటుందే తప్ప చదవదు. మూడో తరగతిలోపల తెలుగు గలగలా చదవడం వచ్చిన పిల్లకు ఇంగ్లీషు నేర్పడం చాలా సులభం. వరుస తప్పితే రెండూ రావు.

ఇక్కడే బడి దూరం మాట కూడా వస్తుంది. 2022లో 117వ నంబరు ఉత్తర్వుతో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో దాన్ని ఉపసంహరించి మరొక విభజన తెచ్చారు. ప్రతి సంస్కరణకూ ఏవో కారణాలుంటాయి. కాని ఎనిమిదేళ్ళ పిల్ల తరగతి ఏ ఆవరణలో ఉండాలన్నది రెండు మూడేళ్ళకొకసారి మారుతుంటే, ఆ పిల్లకు ఎంతవరకు వచ్చిందో గుర్తుంచుకునే మనిషి ఎవరూ మిగలరు. చిన్నపిల్లల బడి నడిచి వెళ్ళేంత దూరంలో, తల్లి తొంగిచూడగలిగేంత దగ్గరలో ఉండాలి.

*

ఆ తల్లి తొంగిచూడడమన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. ప్రగతిపత్రంలో 'ఏ', 'బి' గ్రేడులు చూసి వేలిముద్ర వేసే తల్లికి ఏమీ తెలియదు. అదే, నెలకొకసారి బడి వరండాలో పిల్లచేత నాలుగు వాక్యాలు పైకి చదివిస్తే, చదువురాని తల్లికి కూడా తన పిల్లకు వచ్చిందో లేదో క్షణంలో తెలుస్తుంది. నూలును వేళ్ళతో తడిమి కౌంటు చెప్పగలిగిన మనుషులు వారు. తడుముకుంటూ చదవడానికీ, గలగలా చదవడానికీ తేడా వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

వలసపోయే కుటుంబాల పిల్లలకు మరొక ఏర్పాటు కావాలి. తల్లిదండ్రులు పనికి వెళ్ళిన నెలల్లో పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకునేందుకు తాత్కాలిక వసతిగృహాల పద్ధతి ప్రభుత్వ పథకాల్లో ఉన్నది. వలస మొదలుకాకముందే అవి తెరుచుకోవాలి. కుటుంబంతోపాటు వెళ్ళి తిరిగివచ్చిన పిల్లను 'నీ పాఠాలు పోయాయి' అనకుండా, ఎక్కడ ఆగిందో అక్కడినుంచి అందుకునే గుంపు బడిలో సిద్ధంగా ఉండాలి. స్థాయినిబట్టి బోధించే బడిలో ఈ పిల్ల సమస్యే కాదు, వాచకం వెంట పరుగెత్తే బడిలో ఈ పిల్లకు చోటే లేదు.

ప్రతిభావంతులైన పేదపిల్లలకు గురుకులాలున్నాయి కదా అని కొందరు తృప్తిపడతారు. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్య ఎందరినో తీర్చిదిద్దింది, సందేహం లేదు. కాని గురుకులంలో సీటు కొందరికే. ఐదో తరగతి ప్రవేశపరీక్షలో ప్రశ్నను చదవగలిగినవారికే ఆ తలుపు తెరుచుకుంటుంది. చదవడం రానివారి సంగతి ఆ తలుపు బయటే ఉండిపోయింది.

*

చివరగా మన సంగతి. తెలుగులో వ్రాసుకుంటూ, ఒకరిది ఒకరం చదువుకుంటూ, భాష ఏమైపోతుందోనని బెంగపడే మనకు ఇందులో ఏమైనా పని ఉన్నదా?

ఉన్నదనుకుంటాను. కారా మాష్టారు మూడు దశాబ్దాలపాటు విశాఖలో బడిపంతులుగా లెక్కలు చెప్పారు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చే పనికి పూనుకున్నారు. ఆ బీరువాల్లోని కథలను రేపు చదవవలసినది ఎవరు? ఇంగ్లీషు బడుల్లో చదివే మన పిల్లలు చదువుతారన్న ఆశ మనకే లేదు. తెలుగు మాట్లాడే పేదపిల్లలే ఈ భాషకు మిగిలిన పాఠకులు. వారికి చదవడం రాకుండా చేస్తే, ఎన్ని భాషాదినోత్సవాలు జరిపినా తెలుగు అచ్చులో మిగులుతుంది, చదివే కళ్ళుండవు.

1947లో మొదలైన చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. అప్పుడే వాక్యం చదవడం వచ్చిన పిల్లకు వాచకం కాక మరొక పుస్తకం చేతికందాలి. లేకపోతే వచ్చిన చదువు కూడా జారిపోతుంది. ఆరేడు వాక్యాల కథ, చిన్న మాటలు, ఒత్తులు తక్కువ, ఆనపకాయలూ చోళ్ళూ ఉన్న కథ వ్రాయడం మనం అనుకునేంత తేలిక కాదు. ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్' వంటి చోట్ల అటువంటి కథలను ఎవరైనా ఉచితంగా వాడుకునే పద్ధతిలో ఉంచుతున్నారు. మనలో ప్రతి ఒక్కరూ ఏడాదికి రెండు కథలు అటువంటివి వ్రాసి, తమ ఊరి బడికి అచ్చువేసి ఇవ్వగలిగితే, అది గిడుగువారికి చేసే నిజమైన సంస్మరణ అవుతుంది.

ఈసారి సొంత ఊరికి వెళ్ళినప్పుడు మీరు ఒక పని చేయండి. మీ ఊరి బడిలో మూడో తరగతి పిల్లను ఒకరిని పిలిచి, ప్రేమగా కూర్చోబెట్టుకుని, రెండో తరగతి వాచకంలో ఒక పేజీ చదవమనండి. పక్కన ఉపాధ్యాయుణ్ణి నిందించడానికి కాదు, తెలుసుకోవడానికి. తరువాత బడి కమిటీవారినీ, సర్పంచినీ ఒక్కటే అడగండి, 'ఈ బడిలో మూడో తరగతి దాటేలోపల చదవడం వచ్చినవారెందరు, రానివారెందరు?' అని. ఆ అంకె తెలిసిన ఊరు ఏదో ఒకటి చేస్తుంది. తెలియని ఊరు భవనానికి మళ్ళీ రంగు వేస్తుంది.

మీ ఊళ్ళో తెలిసిన సంగతి ఇక్కడ వ్రాస్తే, చదవాలని ఎదురుచూస్తుంటాను.